కరెంటు పోయిన పగటిపూట నా గొంతు తెరిచిన దేవుడు

పదిమందికి అన్నం వండిపెట్టే ఆడదాని గొంతులోంచి మెతుకు దిగకపోతే ఎట్లుంటదో మీకు తెలుసా సహోదరులారా? నాకు తెలుసు. పొయ్యి మీద సాంబారు మరుగుతుంటది, వాసన ముక్కుకు తగులుతుంటది, ఆకలి సుత అయితుంటది, కానీ ముద్ద నోట్ల పెట్టుకుంటే గొంతు కాడికి పోయి ఆగిపోతది, లోపలినుంచి ఎవరో గొళ్లెం పెట్టుకున్నట్టే ఆగిపోతది, మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు! పల్చటి గంజి జరంత దిగేది, నీళ్లు దిగేవి, అంతే. జాకెట్లన్నీ వదులైనయి, గాజులు మోచేతి దాంక జారేటివి. మాట సుత సన్నగై పిల్లి కూసినట్టు వచ్చేది. మెస్సుకొచ్చే పిల్లగాండ్లు "ఏంటి ఆంటీ, మీరు వండింది మీరే తినరు, అందులో ఏం కలుపుతున్నారేంటి?" అని నవ్వేటోళ్లు, వాళ్లతోని నేను సుత నవ్వేదాన్ని. లోపల మాత్రం, ఇట్లనే ఎండి ఎండి పోతనని నాకు తెలిసిపోయింది.

నా పేరు సుగుణమ్మ. అమీర్‌పేటల, కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కి కూసున్న గల్లీ వెనక మా మెస్సు. అప్పట్ల ఆ గల్లీల మనిషి నడిస్తే భుజం భుజం తాకుతుండె, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఈ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం, ఆ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగమని ఒకటే ఉరుకులాట. వాళ్లకు పొద్దున ఉప్మానో ఇడ్లీనో, పగటీలి పప్పు, కూర, సాంబారు, గుడ్డు. ఇల్లు కిరాయిదే, కానీ డాబా మీది గది ఎవరికిచ్చుకున్నా మీ ఇష్టమని ఇంటాయన మాకే వదిలేసిండు. నాకు చదువు లేదు, బడికి రెండు మూడేండ్లు పోయిన్నేమో, అక్షరాలు బైబిలు చేతికొచ్చినంకనే సక్కగ కూడబలుక్కుని నేర్చుకున్న. అందుకని ఇందుల ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతే పాస్టరయ్య దిద్దుతనన్నడు, సంగతి మాత్రం దిద్దొద్దని చెప్పిన.

నా పెనిమిటి యాకోబు. మాది సంగారెడ్డి దిక్కు పల్లె. మా ఊర్లె డప్పు కొట్టేది వాళ్ల ఇంటోళ్లే, పెండ్లికొక తీరు, పండుగకొక తీరు, చావుకొక తీరు. యాకోబు డప్పును మంట కాడ కాపి, వేలితోని టక్కుమని మీటి చెవు పెట్టి చూసేటోడు, పిల్లకు జ్వరముందా అని చూసినట్టే చూసేటోడు. పీనుగ ఇంట్ల ఉన్నంతసేపు నిదానంగ ఒక దెబ్బ వేసేటోడు, పాడె లేచేటప్పుడు ఇంకో దెబ్బ ఉండేది, అది మాత్రం దడదడదడ పడేది, గుండె పట్టుకుని గుంజినట్టే ఉండేది, అది విన్నంక ఏడ్వకుండ నిలబడ్డ మనిషిని నేను చూడలే. తర్వాత మేము ప్రభువును తెలుసుకున్నం, బాప్తిస్మం పొందినం, డప్పు దేవతల కాడ మోగింది కాబట్టి ఇంక మనకొద్దని పెద్దోళ్లు చెప్తే యాకోబు దాన్ని తీసుకపోయి వాళ్లక్క లచ్చవ్వ ఇంట్ల సూరుకు తగిలించి వచ్చిండు. సంఘంల పాటలప్పుడు మాత్రం బల్ల చెక్క మీద రెండు వేళ్లతోని తెల్వకుండనే కొట్టుకునేటోడు. ఊరు విడిచి వచ్చినంక పంజాగుట్టల ఒక పెద్ద బిల్డింగుల లిఫ్టు నడిపే పని దొరికింది. అందర్ని పైకి తోలి, కిందికి తెచ్చి, లిఫ్టు లోపల స్టూలు మీద కూసునే ఉండేటోడు. ఒకనాడు అట్లనే కూసుండి కూసుండే పోయిండు! నాలుగో అంతస్తుకు పోవాలనుకున్న ఒకాయన బటన్ ఒత్తుకుని పోయి, దిగినంక "తాతా" అని పిలిస్తే పలకలేదంట.

సంఘమంతా వచ్చింది, నా ఇంట్ల ఆ రోజు చెయ్యి వేయని మనిషి లేడు, అది నేను మరువ. తెల్లబట్ట కప్పిండ్రు, పాటలు పాడిండ్రు. అంతల పల్లె నుంచి లచ్చవ్వ వదిన వచ్చింది. గడపల అడుగు పెట్టుడు పెట్టుడే కొంగు నడుముకు చుట్టి, మా దిక్కు ఆడోళ్లు ఎట్ల ఏడుస్తరో అట్ల శోకం అందుకుంది. మీరు పట్నంల పుట్టినోళ్లయితే ఎరగరు, మా దిక్కు ఏడ్పంటే ఉత్త కన్నీళ్లు కాదు, చచ్చిపోయిన మనిషితోని మాట్లాడుడు, రాగం తీసుకుంట మాట్లాడుడు. "ఓ నా తమ్మీ, అందర్ని మీదికి తోలితివి గదరా, నువ్వు ఏ అంతస్తుల దిగినవు రా తమ్మీ, నీ డప్పు నా ఇంట్ల సూరుకు వేలాడుతున్నది రా, దాన్ని మంట కాడ ఎవలు..." అన్నదాంక వచ్చింది, అంతల మన సంఘంల ప్రార్థనలు నడిపే కరుణక్క చెయ్యి పట్టుకుని "అమ్మా, మనది మళ్ల లేస్తమని నిరీక్షణ ఉన్న చావు, లోకస్తుల లెక్క ఏడ్వద్దు, ఊకో" అన్నది. లచ్చవ్వ వదిన నా మొఖం చూసింది. నేను తల ఊపిన. ఆమె "ఎవలు" కాడ ఆగిపోయింది, నోరు తెరిచే ఉంది, మాట లోపలికే పోయింది.

నేను ఒక్క చుక్క రాల్చలేదు. "సుగుణమ్మ సాక్ష్యం చూడుండ్రి, ఎంత విశ్వాసం, ఎంత నిబ్బరం" అని అందరు దేవుణ్ని స్తుతించిండ్రు, నేను సుత ఇదే విశ్వాసమనుకున్న. మళ్ల పొయ్యి ముట్టించిన. వంకాయలు కోసిన, పప్పు కడిగిన. గొంతుల అడ్డం అప్పటినుంచే మొదలైంది.

దవాఖానకు పోయినం. గొట్టం లోపలికేసి చూసిండ్రు, ఫొటోలు తీసిండ్రు, "అమ్మా, లోపల ఏం లేదు, అంతా బాగుంది" అన్నరు. అండ్ల ఒక డాక్టరమ్మ మంచిది, నా చెయ్యి పట్టుకుని "మనసులో ఏదైనా బాధుందామ్మా?" అని అడిగింది. "ఏం లేదమ్మా, నేను ప్రభువును నమ్ముకున్నదాన్ని" అన్న. ఆమె మందు రాసిచ్చింది. ఉపవాస ప్రార్థనలు చేసిండ్రు, నూనె రాసిండ్రు, నేను మోకాళ్ల మీద "ప్రభువా, నీకిష్టముంటే ఈ అడ్డం తీసెయ్యి, లేకుంటే నన్నే తీసుకపో" అని ప్రార్థన చేసేదాన్ని. ఆ ప్రార్థన సుత సగం గొంతులనే ఆగేది.

ఇక డాబా మీది పిల్లల సంగతి చెప్పాలె. యాకోబు ఉన్నప్పుడే ఆ గదిల దిగిండ్రు. శ్రీకర్ అని భీమవరం దిక్కు పిల్లగాడు, ఏదో కోర్సు అయిపోయి ఇంటర్వ్యూలు తిరుగుతుండె, సన్నగ, మాటకు ముందు "అండి", మాటకు వెనక "అండి". ఇంకొకడు ఇమ్రాన్, మాసబ్ ట్యాంకు నుంచి బండి మీద వచ్చేటోడు, వాళ్ల నాయనది టైర్ల షాపు, వీనికి మాత్రం డ్రమ్ముల పిచ్చి. గిటారు పట్టుకుని ప్రవీణ్ అని ఒక బొద్దు పిల్లగాడు. ఒకనాడు శ్రీకర్ వచ్చి "ఆంటీ, గుడ్ల అట్టలు పారేయకండి, మాకివ్వండి" అన్నడు. పాపం, ఎంత కష్టముందో, చిత్తు కాగితాలోనికి అమ్ముకుంటడేమో అనుకుని అన్నీ దాచి ఇచ్చిన. చూస్తే గది గోడలన్నిటికి అతికిచ్చిండ్రు! ఎందుకయ్యా అంటే, సౌండు బయటికి రాకుండనంట. ఆ అట్టలు గుడ్లను ఆపుతయి గానీ గోలను ఆపుతయా? మొదలుపెడితే మిక్సీల గులకరాళ్లు ఏసి తిప్పినట్టే ఉండె. గిటారు రంపం లెక్క, డ్రమ్ము రేకుల మీద రాళ్లవాన లెక్క, నడుమ శ్రీకర్ గొంతు! పొద్దున "ఆంటీ, ఇంకొంచెం చట్నీ వేస్తారాండి" అని అడిగిన గొంతేనా ఇది అని నేను బిత్తరపోయేదాన్ని. బావిల పడ్డ ఎద్దు అరిచినట్టు ఉండేది. యాకోబు ఒకటే అనేటోడు, "అరిచేటోని సంగతి దేవునికెరుక, ఆ కొట్టే పిలగానికి మాత్రం చెయ్యి ఉన్నదే" అని.

యాకోబు పోయి, నా గొంతు మూతపడ్డంక, కరుణక్క ఇంటికొచ్చి ప్రార్థన చేస్తుంటే మీద ఆ అరుపు మొదలైంది. ఆమె కండ్లు తెరిచి మీదికి చూసి, "సుగుణమ్మా, ఇన్ని దినాలు ప్రార్థన ఎందుకు పారుతలేదో ఇప్పుడు తెలిసింది. నీ నెత్తి మీదనే సాతాను గది కిరాయికిచ్చుకున్నవ్. ఆ గొంతు మనిషి గొంతా? అది నీ ఇంట్ల ఉన్నన్ని రోజులు నీ గొంతు తెరుచుకోదు" అన్నది. నన్ను ప్రేమించే అన్నది, నేను పోతనని భయపడే అన్నది. ప్రార్థన చేసిన నూనె సీసా చేతిల పెట్టి, వాళ్లను ఖాళీ చేయించి తలుపుకు రాయమన్నది. నాకు ఆ మాట నచ్చలే, కానీ బతకాలని ఎవరికుండదు? ఒక దిక్కు ఆ పిల్లలు, ఒక దిక్కు నా ప్రాణం. సరే అనుకున్న.

ఎండకాలం. పగటీలి మెస్సు అయిపోయింది, గిన్నెలు తోమి బోర్లించినం, కరెంటు పోయింది. సీసా కొంగు కింద పెట్టుకుని మెట్లు ఎక్కుతున్న. కడుపుల ఏం లేనిదానికి మెట్లెక్కుడు అయ్యే పనా? సగంల ఊపిరాడక మెట్టు మీదనే కూలబడ్డ. మీద గది తలుపు ఉడకపోతకు బార్లా తెరిచే ఉంది. కరెంటు లేదు కాబట్టి గిటారు మోగదు, ఆ మైకులు, డబ్బాలు ఏవీ పలకవు. అయినా వాళ్లు ఆపలేదు. ఉత్త డ్రమ్ము, ఉత్త గొంతు.

సహోదరులారా, ఇన్ని నెలలు నేను విన్నది రంపపు గోల, ఆ పూట దాన్ని దేవుడు తీసి పక్కకు పెట్టిండు! ఉత్త డ్రమ్ము వింటున్న. దడదడదడ, దడదడదడ. ఇది నాకు తెలిసిన దెబ్బ. ఇది పాడె లేచేటప్పటి దెబ్బ. మాసబ్ ట్యాంకుల పుట్టిన ఈ టైర్ల షాపు పిలగానికి మా పల్లె చావు దెబ్బ ఎవరు నేర్పిండ్రు? ఎవరు నేర్పలే, ఆత్రం ఎక్కువై మనిషి చెయ్యి ఉరికితే ఆ దారినే ఉరుకుతదేమో. నా యాకోబుకు ఆ దెబ్బ పడలేదు. ఊరందరి పీనుగలను లేపిన చెయ్యి, ఆ చెయ్యి ఉత్తగ పోయింది.

గోడ పట్టుకుని లేచి గడపల నిలబడ్డ. ముగ్గురు ఆగిపోయిండ్రు. శ్రీకర్ మొఖం ఎర్రగ, చెమటలు. "సారీ ఆంటీ, సారీ అండి, సౌండ్ ఎక్కువైందా అండి?" అన్నడు, మళ్ల చట్నీ అడిగే గొంతే.

"ఏమని అరుస్తున్నవు బిడ్డా?" అని అడిగిన, నా పిల్లిగొంతుతోని.

వాడు సిగ్గుపడ్డడు. "ఏం లేదండి... ఇంటర్వ్యూలో అడుగుతారు కదండి, టెల్ మీ అబౌట్ యువర్సెల్ఫ్ అని. అదే ఆంటీ పాట. ఆ ఒక్క ముక్కే."

ప్రవీణ్ నవ్వుకుంట "వీడు పోయిన చోటల్లా ఆ ప్రశ్న దగ్గరే పోతున్నాడు ఆంటీ" అన్నడు.

"మరి గంత అరుసుడెందుకు?"

శ్రీకర్ చెమట తుడుచుకుని, "అక్కడ నవ్వుతూ చెప్పాలండి. ఎలా కూర్చోవాలి, ఎంత నవ్వాలి, అన్నీ క్లాసులో నేర్పుతారు. లోపల ఏడుపొస్తున్నా నవ్వుతూనే చెప్పాలి. ఇక్కడ నవ్వక్కర్లేదు ఆంటీ, అంతేనండి" అన్నడు.

ఆ మాట వాడు వాని ఇంటర్వ్యూ గురించి అన్నడు. నాకు మాత్రం లచ్చవ్వ వదిన తెరిచిన నోరు కనపడ్డది, నేను ఊపిన తల కనపడ్డది, "ఎంత నిబ్బరం" అన్నోళ్ల మొఖాలు కనపడ్డయి. గడపలనే కూసున్న. ఇమ్రాన్ దిక్కు చూసి "మళ్ల కొట్టు కొడుకా" అన్న. వాడు "క్యా ఆంటీ, నిజంగానా?" అన్నడు. "కొట్టు, ఆ ఉరికే దెబ్బనే కొట్టు."

వాడు కొట్టిండు. నా లోపలినుంచి ఒక చప్పుడు లేచింది. అది నా గొంతని నేను అనుకోలే, శ్రీకరే అరిచిండనుకున్న, చూస్తే వాని నోరు మూసే ఉంది. గొళ్లెం ఊడింది సహోదరులారా! "ఓ నా యాకోబూ" అని రాగం లేచింది, మా అమ్మ తీసిన రాగం, మా అమ్మమ్మ తీసిన రాగం, నేను ఎన్నడు నేర్చుకోని రాగం. స్టూలు మీద కూసున్నవా యాకోబూ, నాకు చెప్పకుండనే లేచినవా యాకోబూ, పొద్దున కారమెక్కువైందంటివి, మాపటికి తగ్గిస్తనంటిని, ఎవరికి తగ్గించాలె యాకోబూ! ఇమ్రాన్ భయపడి "ఆపాల్నా ఆంటీ?" అంటే "ఆపకు" అన్న. ఆ ఏడ్పులనే ప్రార్థన సుత కలిసిపోయింది, ఇప్పటికీ నాకు ప్రతి మాట యాదికున్నది: "యేసయ్యా, నా మొగుణ్ని అడగకుండ తీసుకపోయినవ్, నాకు నీ మీద కోపమున్నది, కోపమున్నా నిన్నే పిలుస్తున్న, నీకు కాకుంటే ఎవరికి చెప్పుకుందు, నా కోపం నువ్వే పట్టు, నా ఏడ్పు నువ్వే పట్టు." బాప్తిస్మం పొందిన కాన్నుంచి నేను చేసిన ప్రార్థనలన్నిట్ల దేవునికి సక్కగ ముట్టిన ప్రార్థన అదేనని నా నమ్మకం.

ఎంతసేపు ఏడ్చిన్నో నాకు తెల్వదు. ఆగేసరికి ఇమ్రాన్ చేతులు ఎర్రగై ఉన్నయి, ప్రవీణ్ గోడ దిక్కు తిరిగి ముక్కు తుడుచుకుంటున్నడు. శ్రీకర్ నీళ్లిచ్చిండు. గటగట దిగినయి. మూలకు వాళ్ల క్యారేజీ ఉంది, పొద్దున నేనే కట్టిచ్చిన పప్పన్నం, సగం తిని సగం వదిలిండ్రు, చల్లగైంది. శ్రీకర్ దాన్ని నా ముందట పెట్టి, "తినండి ఆంటీ" అన్నడు. ముద్ద పెట్టుకున్న. దిగింది. ఇంకో ముద్ద, అది సుత దిగింది. పప్పుల ఉప్పు తక్కువైందని ఆనాడే నాకు తెలిసింది, ఇన్ని రోజులు పాపం ఆ పిల్లలు చెప్పనే లేదు. దేవునికే మహిమ!

నూనె సీసా ఏమైందంటరా? కొంగుల అట్లనే ఉంది. ఇమ్రాన్ చేతులకు రాసిన.

ఇక ఈ సాక్ష్యం సంఘంల చెప్తే ఎంత గొడవైందో మీలో చాలామందికి ఎరుకే. "సాతాను పాటతోని దేవుడు బాగుచేసిండంటవా?" అని కరుణక్క నిలదీసింది. నేను చదువుకున్నదాన్ని కాదు, తిరిగి వాదించలే. పాస్టరయ్య వారం దినాలు వాక్యం వెతికిండు. ఆదివారం లేచి, యేసయ్య సుత స్నేహితుని సమాధి కాడ ఏడ్చిండని, లేపగలనని తెలిసి సుత ఏడ్చిండని, మాటల్లేని మూలుగును సుత దేవుని ఆత్మ ఎత్తుకుని తండ్రి కాడికి మోస్తడని వాక్యంల నుంచి చెప్పిండు. వాక్యం నిరీక్షణ లేనోళ్ల లెక్క ఏడ్వద్దన్నది గానీ ఏడ్వనే వద్దనలే, మనమే సగం విని సగం వదిలినమని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు.

అట్లని ఆ పాటలన్నీ దేవునివే అని నేను చెప్తలేను. దినాం వంట చేసుకుంట విన్న కాబట్టి నాకు తోచింది చెప్త, మీకు మనసుంటే వినండి. ఈ అరుపుల పాటలల్ల రకాలున్నయి, బయటోళ్లకు అన్నీ ఒక్కతీరు గోలనే, లోపలోళ్లకు మాత్రం మన సంఘాల లెక్కనే, ఒకరిదొకరికి పడదు. డెత్ మెటల్ అని ఒకటుంది, బావి అడుగునుంచి వచ్చే గొంతు, పాటంతా పీనుగులు, పురుగులు. అది నాకు విసుగు. పీనుగను చేత్తోని కడిగినోళ్లెవరు అట్ల రాయరు, చావును దూరంనుంచి చూసినోళ్ల పాటలవి. బ్లాక్ మెటల్ అని ఇంకోటి, సన్నటి కీక, రేకుడబ్బాల కందిపప్పు ఊపినట్టు సౌండు, ఎంత చెత్తగుంటే అంత గొప్పని వాళ్ల లెక్క, మళ్ల దేవుణ్ని తిట్టుడు. "లేడని అంటరు గదా, లేనోణ్ని గంతగనం ఎందుకు తిడుతరు?" అని ప్రవీణ్‌ను అడిగితే గిటారు సరిచేసుకుంట కూసున్నడు. వాడు శిలువ తలకిందులుగ ఉన్న బనీను తెస్తే, ఉతికి దండెం మీద కిందిది మీదికి చేసి ఆరేసిన, శిలువ సక్కగ నిలబడ్డది. మళ్ల వాడు దాన్ని తొడుగలే.

వీళ్లు వాయించేది గ్రైండ్‌కోర్ అనేదంట. ఇది నాకు నచ్చింది. ఎందుకంటే చెప్పేది చెప్పి ఊకుంటరు. పాట మొదలైందని మీరు చెవులు మూసుకునేలోపలనే అయిపోతది, మనలో కొందరు ముగింపు ప్రార్థన చేసేటోళ్లు జర ఇది వినాలె! పెద్ద ఆఫీసర్ల మీద, యుద్ధాల మీద, పేదోన్ని తొక్కేటోళ్ల మీద కోపం, కోపం సుత దాచుకోని కోపం. కానీ దీనికి సుత వంకలున్నయి. ఒకటి రెండు వింటే మంచిగుంటది, వరుసబెట్టి వింటే పచ్చిమిర్చి గిన్నెడు తిన్నట్టు, కారం తప్ప రుచి తెల్వదు. ఇంకోటి, ఉరుకుడే పెద్ద పనని ఇమ్రానుకు ఉండె. "దెబ్బకు దెబ్బకు నడుమ జర జాగా ఇయ్యి కొడుకా, మనిషి ఊపిరి పీల్చేది ఆ జాగలనే, యాకోబు అట్లనే కొట్టేటోడు" అంటే, "అరె ఆంటీ, మీరు మా బ్యాండుకు మేనేజర్ అయితరా ఏంది?" అన్నడు. కానీ ఇచ్చిండు, జాగ. శ్రీకరును ఒకటే అడిగిన: "నీకు కోపం ఏ భాషల వస్తది?" "తెలుగులోనేనండి." "మరి ఇంగ్లీషుల ఎందుకు అరుస్తున్నవు?" వాడు తల గోక్కున్నడు. తర్వాత ఆ పాటనే "మీ గురించి చెప్పండి" అని తెలుగుల చేసిండు. అది వింటే మెస్సుల పిల్లలు కంచాలు కొట్టిండ్రు.

వాళ్లు ప్రభువు కాడికి వచ్చిండ్రని నేను అబద్ధం చెప్ప. ఇమ్రాన్ నమాజుకు పోతడు, శ్రీకర్ గుడికి పోతడు, వానికి బేగంపేటల మంచి ఉద్యోగం వచ్చింది, నవ్వుకుంట పోతడు, నవ్వుకుంట వస్తడు, ఆదివారం మాత్రం డాబా మీద అరుస్తడు. వాళ్ల కోసం నా ప్రార్థన నేను చేస్త. నా కోసం దేవుడు వాళ్లను నా నెత్తి మీద కిరాయికి పెట్టిండు, అది మాత్రం సాక్ష్యం.

యాకోబు పోయి ఏడాదైనప్పుడు జ్ఞాపకార్థ కూడిక మా డాబా మీదనే పెట్టినం. లచ్చవ్వ వదినను పిలిపించిన. ఆమె వచ్చింది, చంకల బట్టల చుట్టిన డప్పుతోని వచ్చింది, కానీ ఎవరు ఏమంటరో అని మూలకే కూసుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాటలైనయి, వాక్యమైంది. నేను లేచి పోయి ఆమె ముందు కూసుని, "వదినా, ఆనాడు నిన్ను ఆపినం. ఇయ్యాల ఎవరు ఆపరు" అన్న. ఆమె పాస్టరయ్య దిక్కు చూసింది, ఆయన తల ఊపిండు. కరుణక్క దిక్కు చూసింది. కరుణక్క లేచొచ్చి ఆమె పక్కన చాప మీద కూసుంది, చెయ్యి పట్టుకుంది, ఈసారి ఆపనీకి కాదు.

లచ్చవ్వ వదిన మొదటినుంచి మొదలుపెట్టలేదు సహోదరులారా. ఏడాది కింద ఎక్కడ ఆగిందో అక్కడనే అందుకుంది. "ఎవలు కాపుతరు రా తమ్మీ, నీ డప్పును మంట కాడ ఎవలు కాపుతరు రా..." అని. అప్పుడు ఇమ్రాన్ లేచి, ఆమె ఒడిలకెల్లి డప్పు తీసుకుని నా వంటింట్లకు దిగిండు. పొయ్యి ముట్టించిన చప్పుడు మాకు మీదికి వినపడ్డది.

నా ఇంటికి ఆ దెబ్బ బాకీ ఉండె, అది ఆ రోజు పడ్డది. అందరం ఏడ్చినం, అందరం తిన్నం, ఆ పూట నేను రెండుసార్లు వడ్డించుకున్న.

ఇది చదువుతున్న నీ గొంతుల సుత ఏదైనా ఆగి ఉంటే, విశ్వాసమంటే నవ్వుకుంట కూసునుడే అని నీకెవరైనా చెప్పి ఉంటే, ఆ మాట నమ్మకు తల్లీ, నమ్మకు నాయనా. నీ మంచి మాటలే కాదు, నీ అరుపు సుత పట్టుకునే చేతులు యేసయ్యకున్నయి, పోయి ఆయన కాడ గట్టిగ అరువు. సంఘంల సిగ్గయితే మా డాబా మీదికి రా, గోడలకు గుడ్ల అట్టలు ఇంకా అట్లనే ఉన్నయి. అరిచినంక కిందికి దిగు, పప్పు, కూర, సాంబారు ఉంటది, ఇప్పుడు ఉప్పు సరిగ్గనే వేస్తున్న. నా గొంతు తెరిచిన దేవునికి నా గొంతుతోనే వందనాలు!